సింగడి మెడలో ఎర్ర పీలిక

తోట తాత పోయాడన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. ఆదివారం సాయంత్రం, నూజివీడులో అమ్మను చూసి ముసునూరు తిరిగి వస్తున్నాను. ఆ కండక్టరు ఒకప్పుడు చాట్రాయి రూటులో తిరిగినవాడే, నన్ను ఎరుగును. టిక్కెట్టు చించి చేతిలో పెడుతూ, "మీ తోట తాత పోయాడంట గదండీ పంతులమ్మగారూ. బుధవారం నాడంట. మీకు తెలిసే ఉంటది లెండి" అన్నాడు. వెనక సీట్లో ఎవరో పిలిస్తే అటు వెళ్ళిపోయాడు.

నాకు తెలియదు. ఎవరు చెబుతారు? నేను ఆయన చుట్టాన్ని కాను, ఆ ఊరి మనిషినీ కాను. చావు కబురు పంపాలంటే ఏదో ఒక వరస ఉండాలి. మా ఇద్దరికీ ఏ వరసా లేదు. ముసునూరులో దిగి, గది తాళం తీసి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయాను. పక్క వాటాలో రేడియో మోగుతోంది. వెళ్ళి వాళ్ళతో చెప్పుకుందామంటే, నాకు ఏమవుతాడని చెప్పాలో తోచలేదు. అందుకే ఆయన్ని ఎన్నడూ చూడని మీతో చెప్పుకుంటున్నాను.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త రోజుల్లో మాట ఇది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. పెళ్ళయిన రెండో ఏడే మా ఆయన టైఫాయిడ్‌తో పోతే, మా నాన్న చుట్టాల మాట లెక్కచెయ్యకుండా నన్ను ట్రైనింగు చదివించారు. మొదటి ఉద్యోగం చాట్రాయి అవతల ఒక చిన్న పల్లెలో. ఆ బడికి ఒక్కరే టీచరు, అది నేనే. బస్సు అడ్డరోడ్డు దగ్గర దింపేసి పోతుంది. అక్కణ్ణుంచి అడవిలో నాలుగు మైళ్ళ కాలిబాట, మధ్యలో ఒక వాగు. శనివారం మధ్యాహ్నం ఊరివాళ్ళ బళ్ళు చుట్టు తిరిగే బండిబాటన రోడ్డుకి వచ్చేవి గనుక ఇంటికి వచ్చేటప్పుడు తోడు దొరికేది. సోమవారం పొద్దున వెళ్ళేటప్పుడు మాత్రం పిట్ట మనిషి ఉండేవాడు కాదు.

మొదటి సోమవారం ఆ కాలిబాట మొదట్లో గొడుగు పట్టుకుని పావుగంట నిలబడ్డాను. అడుగు ముందుకు పడలేదు. అడ్డరోడ్డును ఆనుకుని ఒక పెద్ద మామిడితోట ఉంది. దాని కంచె దగ్గర ఒక ముసలాయన గంప అల్లుకుంటూ కూర్చున్నాడు. కాసేపు నన్ను చూసి అడిగాడు.

"ఎవరికోసం చూస్తన్నారండీ?"

"మావాళ్ళు వస్తామన్నారు" అన్నాను. పచ్చి అబద్ధం. ఆ పల్లెలో అప్పటికి నాకు ఒక్క మనిషి కూడా తెలియదు.

ఆయన గంప పక్కన పెట్టి, చేతికర్ర అందుకుని లేచాడు. "ఆళ్ళు రారు లెండి. పదండి" అన్నాడు.

ఆయనే తోట తాత. ఆ తోటకి ముప్పై ఏళ్ళుగా కాపలాదారు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా తోటలో ఒక పాక, పాక ముందు ఒక కుక్క. తెల్లటి ఒళ్ళు, చిరిగిన ఎడమ చెవి, పేరు సింగడు. ఆ పేరేంటి తాతా అంటే, "పొద్దున్నే ఎటో పోతాడండీ, సందేళకి వస్తాడు. ఎందుకెళ్ళాడో, ఏం చేసుకొచ్చాడో ఆడికే తెలవదు. సింగడు అద్దంకి పోనూ పోయాడు, రానూ వచ్చాడు అంటారు చూడండీ, ఆ సింగడు ఈడే" అన్నాడు. సింగడు అది మెచ్చుకోలే అనుకుని తోక ఊపాడు.

ఆ ఏడు మామిళ్ళు పూతకి వచ్చేదాకా ప్రతి సోమవారం తాత నాతో నడిచాడు. ముందు సింగడు, మధ్యలో నేను, వెనక తాత. మొదట్లో నాది నడక కాదు, పరుగు. తాత నాలుగు వారాలు చూసి ఊరుకుని, ఐదోవారం అన్నాడు: "భయపడ్డోళ్ళు తొందరగా నడుస్తారండీ. అట్టా నడిస్తే దారి మనకి తెలవదు, మనం దారికి తెలవం." ఆ మాటకి అర్థం అప్పుడు నాకు తెలియలేదు. కానీ ఆరోజు నుంచి నిదానంగా నడిచాను. నిదానంగా నడిస్తే బలుసుపొదలు వేరు, పరికిపొదలు వేరు అని తెలిసింది. తొలకరికి బాట మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు బిలబిలమంటూ వచ్చేవి. వాటిని తొక్కకుండా తాత పక్కకి అడుగేసేవాడు. అంత పొడుగు మనిషి పసిపిల్లాడిలాగా గెంతుతూ నడుస్తుంటే నాకు నవ్వొచ్చేది. ఆ రోజుల్లో నేను నవ్విన నవ్వులన్నీ దాదాపు ఆ బాట మీదవే.

వాగు దగ్గర ఒకసారి సింగడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. మొరగలేదు, కదలలేదు. ఏమైందని నేను అడగబోతే తాత వేలు అడ్డం పెట్టాడు. బడికి వేళ మించిపోతోంది, నాకు ప్రాణం మీదకి వచ్చినట్టుంది. చాలాసేపటికి అవతలి ఒడ్డున పొదలు కదిలి, ఒక అడవిపంది, దాని వెనక చారల చారల పిల్లలు వాగు దాటి పోయాయి. అవి కనుమరుగయ్యాక సింగడు తనంతట తనే నడిచాడు. "అడవిలో కుక్క ఆగినచోట ఆగాలండీ. ఎందుకాగావని దాన్ని అడక్కూడదు" అన్నాడు తాత.

మా ఆయన పోయిన రోజు ఆ ఏడు సోమవారం నాడు వచ్చింది. ఇంట్లో అమ్మ ముందు ఏడవలేదు. బస్సులోనూ ఏడవలేదు. అడవిలో సగం దూరం వెళ్ళాక ఇక ఆగలేదు. భార్య భర్త పేరు పలకకూడదంటారు. ఆరోజు పలికాను, ఒకసారి కాదు, గొంతెత్తి పిలిచాను. వెనక తాత కర్ర చప్పుడు ఆగిపోయింది. ఆయన దగ్గరికి రాలేదు, ఊరుకోమనలేదు. నా ఏడుపు అయ్యేదాకా ఉండి, అప్పుడు చెప్పాడు. "పోయినోళ్ళని తల్చుకోవచ్చండీ. అడవిలో మాత్రం పిలవకూడదు. పిలిస్తే ఆళ్ళకి రావాలనిపిస్తది. రాలేరు పాపం." నన్ను ఓదార్చడానికి ఎందరో ఎన్నో చెప్పారు. పోయినవాళ్ళ వైపు నుంచి మాట్లాడినవాడు మాత్రం ఆయనొక్కడే.

పూత మొదలయ్యాక చిక్కొచ్చింది. తోటలో పూత పడ్డ దగ్గర్నుంచి కాయ కోత అయ్యేదాకా కాపలా మనిషి తోట దాటి పోకూడదు. పంటను గుత్తకి తీసుకున్న షావుకారు ముందే ఆ మాట తీసుకుంటాడు. ఆ సోమవారం నేను బస్సు దిగేసరికి తాత తన పాత ఎర్ర తుండు అంచు చింపి, ఒక పీలికను సింగడి మెడతాడుకి ముడేస్తున్నాడు.

"ఇయ్యాల్టి నుంచి మీకు తోడు ఈడే. బడి చేరాక ఈ పీలిక విప్పి మీ దగ్గర పెట్టుకుని, ఈణ్ణి పొమ్మనండి. మెడ ఖాళీగా వస్తే మీరు చేరినట్టు. పీలికతో వస్తే మిమ్మల్ని దారిలో వదిలేసి వచ్చినట్టు. చిన్నప్పుడు మేకలు కాసేటప్పుడు మా అన్నా నేనూ ఇట్టాగే చేసేవాళ్ళం."

"పీలికతోనే వస్తే ఏం చేస్తావు తాతా?"

"రాడు లెండి" అన్నాడు.

అలాగే జరిగింది. బడి గుమ్మం దగ్గర సింగడు మెడ చాపి నిలబడేవాడు. నేను ముడి విప్పేదాన్ని. ఇంకేదో పని ఉన్నట్టు వెంటనే వెనక్కి తిరిగి పోయేవాడు. శనివారం రోడ్డు మీద బండి దిగి ఆ పీలిక తాతకి ఇచ్చి బస్సెక్కేదాన్ని. ఎండాకాలం వస్తే ఆయన నా చేతిలో ఒక చిన్నరసం పండు పెట్టేవాడు. చెట్టున కోసింది కాదు, రాలిందే. చెట్టు మీది కాయ కాపలావాడిది కాదండీ, రాలిందే మనది అనేవాడు. టెంక సింగడిది. సింగడు దాన్ని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని నాకేవాడు.

ఒప్పుకోవాలి, సింగడితో ఒంటరిగా నడిచిన ఆ నాలుగు మైళ్ళే నాకు వారమంతటికీ మాటలు. పల్లెలో నాకు మర్యాదకి లోటు లేదు. అందరూ లేచి నిలబడేవారు, ఎవరూ వచ్చి కూర్చునేవారు కాదు. విధవ పంతులమ్మతో ఆడవాళ్ళకి మాట్లాడటానికి ఏముంటుంది, మగవాళ్ళకి అసలే ఉండదు. అందుకని అమ్మ మీద విసుగు, రాత్రి గదిలో పట్టని నిద్ర, మళ్ళీ పెళ్ళి అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తకపోవడం, అన్నీ సింగడి వీపుకి చెప్పేదాన్ని. వాడు విన్నాడో లేదో, నేను ఆగితే మాత్రం ఆగేవాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. దీన్ని చెప్పకపోతే ఈ రాత అంతా దండగ.

రెండో ఏడు, వేసవి సెలవులకి ముందు ఆఖరి సోమవారం. తోట నిండా కాయ బరువుకి కొమ్మలు వంగి ఉన్నాయి. నేనూ సింగడూ బడి చేరేసరికి అరుగు మీద ఇన్‌స్పెక్టరుగారు కూర్చుని ఉన్నారు. ముందు కబురు లేదు. నేను పది నిమిషాలు ఆలస్యం. ఆయన రిజిస్టరు తెరిచి పట్టుకుని చేతి గడియారం చూసుకున్నారు. సింగడు ఎప్పట్లాగే నా ముందుకొచ్చి మెడ చాపాడు.

"ఏంటమ్మా ఇది? బడికి కుక్కను వెంటేసుకుని వస్తారా?" అన్నారాయన.

"నాది కాదండీ" అన్నాను.

ఆయన గొడుగు ఆడించి అదిలించారు. సింగడు నా వంక చూశాడు, ఇంకాసేపు చూశాడు, తిరిగి బాట పట్టాడు. మెడలో పీలిక ఎర్రగా కనబడుతూనే ఉంది. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. సింగా అని రెండక్షరాలు. ఆఫీసరు ముందు కుక్కను కేకేసి పిలవడానికి నాకు నామోషీ అయింది. మర్చిపోయానని తాత అనుకుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, పిల్లల హాజరు పిలిచాను.

మధ్యాహ్నం మూడింటికి ఇన్‌స్పెక్టరుగారు బండెక్కి వెళ్ళారు. ఆయన అటు వెళ్ళగానే, ఇటు అడవి వైపు కంచె దగ్గర తాత కనిపించాడు, పక్కన సింగడు. తాత చేతులూ కాళ్ళూ నిండా ముళ్ళ గీతలు. ఆయన బాట వెంట రాలేదు. బాటకి రెండు పక్కలా పొదలన్నీ కర్రతో తప్పించి చూసుకుంటూ, వాగు మడుగుల్లో దిగి వెతుక్కుంటూ వచ్చాడు. నాలుగు మైళ్ళకి ఐదు గంటలు పట్టింది.

"ఉన్నారా" అన్నాడు. అంతే. కంచె గుంజ పట్టుకుని కింద కూర్చున్నాడు.

మంచినీళ్ళు ఇచ్చాను. "మర్చిపోయాను తాతా" అన్నాను. ఆయనతో నేనాడిన రెండో అబద్ధం అది. "అవుద్దండీ" అన్నాడు. తనే పీలిక ముడి విప్పి నా చేతిలో పెట్టాడు. అప్పటికే పడమర నల్లబడింది.

"కాసేపుండు తాతా. గాలివాన వచ్చేట్టుంది."

"అందుకే పోవాలండీ. చెట్టున కాయుంది" అంటూ లేచాడు. అరగంటలో గాలి అందుకుంది. బడి కప్పు తాటాకు సగం ఎగిరిపోయింది.

ఆ శనివారం బండి దిగితే తాత పాక తడిక మూసి ఉంది. కాయ ఉన్నప్పుడు ఆయన పాక వదలడని నాకు తెలుసు. అయినా బస్సు వస్తోందని ఎక్కేశాను.

జూన్‌లో బడి తెరిచాక బస్సు దిగితే, అడ్డరోడ్డు కాఫీకొట్టు పక్కన చిన్న చూరు దించుకుని తాత కూర్చుని ఉన్నాడు, ముందు మోదుగాకుల కట్ట. కుడి మోకాలు వాచి ఉంది. "చెట్లెక్కే ఓపిక లేదండీ, నేనే మానేశాను. ఇస్తళ్ళు కుట్టుకుంటన్నాను" అన్నాడు. సింగడి మెడకి అదే తుండులోంచి చింపిన కొత్త పీలిక అప్పటికే కట్టి ఉంది. ఆయన చెప్పింది నమ్మాను. నమ్మడం నాకు సుళువు గనుక నమ్మాను.

ఇంకో రెండేళ్ళకి కాఫీకొట్టు ఆవిడ మాటల్లో మాటగా చెప్పింది. "గాలివాన నాడు తాత తోటలో లేడు గదండీ. రాలిన కాయ రాలినట్టు రోడ్డున పోయేవాళ్ళు గంపలకెత్తుకుపోయారు. సాయంత్రం షావుకారు వచ్చి, ఎక్కడికి పోయావురా అంటే నోరిప్పలేదు. ముప్పై ఏళ్ళ కాపలా ఒక్క పూటలో పోయింది. ఆరోజు ఎక్కడికెళ్ళాడో ఇప్పటికీ ఎవరికీ తెలవదండీ."

నాకు తెలుసు. కాలు గాలిన పిల్లిలాగా కొట్టు ముందు అటూ ఇటూ తిరిగి, చివరికి తాత పక్కన కూర్చున్నాను.

"తాతా, షావుకారుకి నా సంగతి ఎందుకు చెప్పలేదు?"

"మీ పేరెత్తితే నలుగురూ నాలుగు మాటలంటారండీ. వయసులో ఉన్న మనిషి."

"ఆరోజు నేను..." అని మొదలుపెట్టాను. మర్చిపోలేదు తాతా, చూసి ఊరుకున్నాను, పిలవడానికి సిగ్గుపడ్డాను. ఈ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. ఆయన ఆకు మీద నుంచి తల ఎత్తకుండానే, "కాయ మళ్ళీ ఏడు కాసుద్దండీ" అన్నాడు. పుల్ల విరిచి ఇంకో కుట్టు వేశాడు. ఆ తర్వాత నేను ఆ పల్లెలో ఉన్నన్నాళ్ళూ, ప్రతి సోమవారం ఇవాళ చెబుతాను అనుకునే బస్సు దిగాను.

మూడేళ్ళ కిందట ముసునూరు బదిలీ అయింది. ఆఖరి శనివారం పీలిక ఆయన చేతికిచ్చి, "ఎప్పుడైనా ఒక సోమవారం వస్తాను తాతా" అన్నాను. "రండి. సింగడుంటాడు" అన్నాడు.

ముసునూరు నుంచి అక్కడికి ఎంత దూరం? నూజివీడులో బస్సు మారితే ఒక పూట ప్రయాణం. మూడేళ్ళలో ఒక్కసారి వెళ్ళలేదు. పరీక్షలన్నాను, అమ్మకి ఒంట్లో బాగాలేదన్నాను. నిజం ఏమిటంటే, వెళితే ఆ మాట చెప్పాలి. చెప్పకుండా ఆయన ఎదుట కూర్చోవడం ఇక నావల్ల కాదు. అంతకన్నా వెళ్ళకపోవడమే తేలిక అనిపించింది.

కబురు తెలిసిన మర్నాడు సోమవారం. సెలవు చీటీ రాసి పంపి మొదటి బస్సెక్కాను. అడ్డరోడ్డులో దిగేసరికి తోటంతా పూత, తేనెటీగల రొద. తాత చూరు కింద విస్తళ్ళ కట్ట ఒకటి కట్టినట్టే ఉంది. కాఫీకొట్టు ఆవిడ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ళకి వచ్చారండీ. మీరు వెళ్ళిపోయిన కాణ్ణుంచి సోమవారం వచ్చిందంటే చాలు, సింగడికి పీలిక కట్టి బస్సు కోసం కూర్చునేవాడు. ఆమె రాదు తాతా అంటే, దిగితే తోడుండొద్దా అనేవాడు. బస్సు పోయాక తనే విప్పేవాడు. పోయిన సోమవారం జ్వరంతోనే కట్టాడండీ. విప్పడానికి లేవలేకపోయాడు. మేం విప్పుదామంటే సింగడు మీదకొస్తన్నాడు."

సింగడు చూరు కింద పడుకుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు, కళ్ళ మీద తెల్లటి పొర. మెడలో ఎర్ర పీలిక. నా చీర కుచ్చెళ్ళు వాసన చూశాడు. లేచి ఒళ్ళు దులుపుకుని, నా వంక చూడకుండానే కాలిబాట వైపు నడిచాడు. నేను వెనక నడిచాను. వెనక కర్ర చప్పుడు లేదు.

వాడి వేగం ఇప్పుడు నాకు సరిగ్గా సరిపోయింది. వాగు దగ్గర ఆగాడు. నేనూ ఆగాను, ఎందుకని అడగలేదు. చాలాసేపు నిలబడ్డాం. అవతలి ఒడ్డున ఏ పొదా కదలలేదు. ఎవరూ వినని చోటు అది. తాతా అని ఒక్కసారి పిలిచి, ఏడేళ్ళుగా దాచుకున్నది చెప్పేద్దామనిపించింది. అడవిలో పోయినవాళ్ళని పిలవకూడదని చెప్పింది ఆయనే. పిలవలేదు.

బడి అదే బడి, కప్పుకి మాత్రం పెంకు వేశారు. కొత్త టీచరు వరండాలో పాఠం చెబుతున్నాడు. సింగడు గుమ్మం దగ్గర నా ముందుకొచ్చి మెడ చాపి నిలబడ్డాడు. తాత వేసిన ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్ళతో, పళ్ళతో లాగి విప్పాను. పీలిక చేతిలోకి రాగానే సింగడు వెనక్కి తిరిగి బాట పట్టాడు. నేను చేరానని చెప్పడానికి వెళుతున్నాడు. అక్కడ వాడి మెడ చూసేవాళ్ళు ఎవరూ లేరు.

"సింగా" అని పిలిచాను. టీచరు పాఠం ఆపాడు. పిల్లలందరూ నా వైపు తిరిగారు. ఇంకా గట్టిగా, గొంతు పగిలేలా పిలిచాను.

సింగడు ఆగాడు. వెనక్కి తిరిగి ఒకసారి నా వైపు చూశాడు. మళ్ళీ నడిచాడు. ఆకు రాలిన మోదుగుల మధ్య ఆ ఖాళీ మెడ చాలాదూరం కనబడుతూ పోయింది.